లాటిను విద్యయందు వికీవ్యాఖ్యలు: ఒక విమర్శనము

లాటిను భాషను నేఁడు తల్లియొడిలో నేర్చువారు లేరు. రోమకులు దానిని మాటాడిన కాలము గతించి పెక్కు శతాబ్దములైనను, వర్జిలు, సిసెరో, సీజరు మున్నగువారి గ్రంథములను జదువఁగోరువారు దానిని వ్యాకరణముచేతను, నిఘంటువుచేతను, వ్యాఖ్యానముచేతను సంపాదించుకొనుచునే యున్నారు. ఈ విషయమున లాటిను విద్యార్థియు సంస్కృత విద్యార్థియు నొక్కబాట నడచువారు. వ్యాఖ్య చేయూఁత లేనిదే యిరువురకును మూలము చిక్కదు. అట్టి వ్యాఖ్యను గురువు చెప్పఁగా వినుట పూర్వపద్ధతి. విద్యార్థులే కలసి వ్రాసి, కలసి దిద్దుకొనుట యిటీవల కొన్ని పాశ్చాత్య విద్యాలయములలోఁ బ్రవేశించిన పద్ధతి. దీనికి సాధనము 'వికీ' యనునది. విద్యార్థి వ్రాసిన వ్యాఖ్య మఱియొక విద్యార్థికిఁ బ్రమాణము కాఁగలదా? కాఁజాలనిచో దానివలని ప్రయోజన మేమి? ఈ రెండు ప్రశ్నలును విచారింపఁదగినవి.

వికీ యనఁగా, చదువువాఁడెవఁడైనను దిద్దుటకు వీలుగ నంతర్జాలమున నుంచఁబడిన పుటల సముదాయము. దీనిని 1995లో అమెరికాదేశమున వార్డు కనింగ్‌హామ్ అనునతఁడు తొలుత నేర్పఱచెను. 'వికీ' యనునది హవాయి ద్వీపవాసుల భాషలోని పదము. 'త్వరగా' నని దాని యర్థము. 2001లో నీ సాధనముతోనే వికీపీడియా యను విజ్ఞానసర్వస్వ మారంభమైనది. మఱుసటి యేఁటనే దాని లాటిను శాఖ వెలసినది. 'వికిపైదియా' యను పేరఁ బరఁగుచున్న యాశాఖలో నేఁడు లక్షకు మించిన వ్యాసములు గలవు. వేఱొకవంక మ్యూనిచ్చి నగరమున 1894లో మొదలిడిన లాటిను మహానిఘంటువు నూటముప్పది యేండ్లు గడచినను నింకను బూర్తికాలేదు. ఆ నిఘంటుకారు లొక్కొక్క పదమునకుఁ బ్రాచీన ప్రయోగములను సేకరించి, యర్థభేదములను విడఁదీసి, తరువాతఁగాని ముద్రింపరు. త్వరయే పేరుగాఁ గల సాధనమును, నిదానమే ప్రాణముగాఁ గల శాస్త్రమును నొక్కచోటఁ జేర్చునపుడు సంశయము పుట్టుట సహజము.

ఈ సంశయమును బరిహరింపవలెనన్న వికీయొక్క నిర్మాణమును గొంచె మెఱుఁగవలెను. ప్రతి పుటకును మూఁడు భాగములు గలవు. మొదటిది అందఱకును గనఁబడు పాఠము. రెండవది చర్చాపుట, దీనిని వికిపైదియాలో 'దిస్పుతాతియో' యందురు. మూఁడవది చరిత్రపుట. పాఠమున నొక్క యక్షరము మాఱినను, మార్చినవాఁడెవఁడో, యేనాఁ డేగడియలో మార్చెనో, యంతకుమున్ను పాఠమెట్లుండెనో యీ చరిత్రపుటలో నిలిచియుండును. పుటను దిద్దుటకుఁ బ్రవేశించు తావునకు లాటినులో 'రెకెన్సేరే' యని పేరుపెట్టిరి. ప్రాచీన గ్రంథముల ప్రతులను బోల్చి పాఠనిర్ణయము చేయుటకుఁ బరిష్కర్తలు వాడు పదమును నీ ధాతువునుండి పుట్టినదే. తెలిసి పెట్టిరో తెలియక పెట్టిరో కాని, యా పేరు సాధనముయొక్క సారమును జక్కఁగఁ దెలుపుచున్నది.

పెక్కుచేతుల వ్యాఖ్య లాటిను వాఙ్మయమునకుఁ గ్రొత్తకాదు. క్రీ. శ. 400 ప్రాంతమున సెర్వియస్ అను నుపాధ్యాయుఁడు వర్జిలు కావ్యములకు వ్యాఖ్య రచించెను. అది పాఠశాలకొఱకుఁ బుట్టిన వ్యాఖ్య; పదచ్ఛేదము, అలంకారము, పురాణకథ, వ్యాకరణవిశేషము నందుఁ గలవు. అయితే యీ వ్యాఖ్యకు రెండు రూపములు గలవు. వానిలోఁ బెద్దదానిని 1600లోఁ బియెర్ దానియెల్ అను ఫ్రెంచి పండితుఁడు ప్రకటించెను. అందలి యధికభాగము సెర్వియస్ వ్రాసినది కాదనియు, బేరెఱుఁగరాని సంకలనకర్త యొకఁడు ప్రాచీనమైన వేఱొకవ్యాఖ్యనుండి తెచ్చి చేర్చెననియుఁ బండితులు నిర్ణయించిరి. ఆ ప్రాచీనవ్యాఖ్య దొనాతుస్ అను వైయాకరణునిదై యుండునని పెక్కుర యభిప్రాయము. ఆధునిక పరిష్కర్తలు చేర్పులను వాలుటక్షరములతో ముద్రించి వేఱుపఱుపవలసి వచ్చినది.

ప్రక్షిప్తముల బాధ యెట్టిదో యాంధ్రపండితులకు వివరింపనక్కఱలేదు. ఏ పద్యము కవిదో, యేది లేఖకునిదో తేల్చుటకుఁ దాళపత్రప్రతులను ముందుంచుకొని జీవితములు వెచ్చించినవారు గలరు. వికీయందో, ప్రక్షిప్తమునకుఁ బేరును దేదియు నుండును. సెర్వియస్ వ్యాఖ్యకుఁ జరిత్రపుట యున్నచో దానియెల్ నాఁటినుండి జరిగిన చర్చలోఁ జాలభాగ మక్కఱ లేకపోయెడిది. కాని 'చాలభాగ' మనియే చెప్పవలెను. చరిత్రపుట చేర్చినవాని నెఱిఁగించునే కాని, యతఁడు దాని నెచటినుండి తెచ్చెనో యెఱిఁగింపదు. ఆకర మేదియో వ్రాసినవాఁడే చెప్పవలెను. వికీయొక్క గుణమును లోపమును నీ యొక్క భేదమునందే యున్నవి.

ఇఁక విద్యార్థులచేత వ్యాఖ్య వ్రాయించుట యెట్లు పరిణమించునో యొక చిన్న వాక్యమునఁ బరీక్షింపవచ్చును. తరగతికి 'ఉర్బె కప్తా మీలితేస్ రెదియేరున్త్' అను వాక్య మీయఁబడిన దనుకొందురు గాక. 'ఉర్బె' పట్టణవాచకము, 'మీలితేస్' సైనికులు, 'రెదియేరున్త్' మరలివచ్చిరి, 'కప్తా' యనునది పట్టుట యను ధాతువునుండి పుట్టిన భూతకాలిక కర్మార్థక విశేషణము. లాటిను ముద్రణమున సాధారణముగ హ్రస్వదీర్ఘములకు భేదము చూపరు. కావున నీ రూపము 'కప్త' యని హ్రస్వాంతముగఁ జదివినచో స్త్రీలింగ ప్రథమైకవచనమో, నపుంసక బహువచనమో యగును. 'కప్తా' యని దీర్ఘాంతముగఁ జదివినచో స్త్రీలింగ పంచమ్యేకవచన మగును.

మొదటి విద్యార్థి తొందరపడి 'సైనికులు పట్టినవస్తువులను బట్టణమునుండి తెచ్చిరి' యని వ్రాయును. నపుంసక బహువచనమునకు ద్వితీయయుఁ బ్రథమయు నొక్కటే యగుటచే నతఁడు దానిని కర్మముగాఁ దలఁచినాఁడు. రెండవ విద్యార్థి చర్చాపుటలో, 'మరలివచ్చుట యకర్మక క్రియ గదా! ద్వితీయ దేనితో నన్వయించును?' అని యడుగును. మొదటివాఁడు సమాధానము కానక పాఠమును దిద్దును. ఈ సవరణకు గురువు రానక్కఱలేదు. ఇట్టి సంశయములు సూత్రముచేతఁ దీఱునవి. వ్యాకరణము నెదుట నుంచుకొన్నచో నిరువురు బాలురే వానిని దీర్చుకొనఁగలరు; తమంతటఁ దీర్చుకొన్నందున నది వారి మనస్సులో నాటుకొనును.

అపుడు మూఁడవ విద్యార్థి వచ్చి, 'కప్తా యనునది ఉర్బె యను పదమునకు విశేషణము. రెండును బంచమిలోనే యున్నవి. కావునఁ బట్టువడిన పట్టణమునుండి సైనికులు మరలివచ్చిరని యర్థము' అనును. నాలవవాఁడు, 'కాదు, ఇది కేవల పంచమి, పట్టణము పట్టువడఁగా సైనికులు మరలివచ్చిరని యర్థము' అనును. సంస్కృతమున సతిసప్తమి చేయుపనిని లాటినులో నీ పంచమి చేయును. తెలుఁగున 'పట్టువడఁగా' యను నసమాపకక్రియ చేయును. విభక్తిసామ్యము మాత్రము చూచినచో మూఁడవవానిదియు నాలవవానిదియు రెండును జెల్లును. వీనిలో నేది మేలో సూత్రము చెప్పదు. లాటిను గద్యకవులు 'పట్టణమునుండి' యని చెప్పునపుడు పట్టణము పేరు గాక సామాన్యనామము వాడినచో 'ఎక్స్' అనియో 'అబ్' అనియో యుపపదమును జేర్చుట పరిపాటి. అది యిచట లేదు గావున నాలవవాని యర్థమే గ్రాహ్యము. ఈ విషయము సీజరు, లివీ మున్నగువారి గ్రంథములను జదివి గ్రహింపవలసినదే కాని తర్కముచే సాధింపఁదగినది కాదు. ఇట్టి సంశయములు ప్రయోగముచేతఁ దీఱునవి.

లాటిను వికీని గుఱించిన వాదములలో నీ రెండువిధముల సంశయములను వేఱుపఱుపకుండుటచేతనే చిక్కు పుట్టుచున్నది. వికీని మెచ్చువారు మొదటి విధమునకుఁ జెందిన యుదాహరణములను జూపి, విద్యార్థులు తమ్ము తాము దిద్దుకొందురని చెప్పుదురు. నిందించువారు రెండవ విధము వానిని జూపి, గ్రుడ్డివాఁడు గ్రుడ్డివానికి దారిచూపుట యిట్టిదే యందురు. ఇరువురు చెప్పునదియు నిజమే. కాని యెవరిది వారి మేరలోనే నిజము.

రెండవ పక్షమువారి భయము నిర్హేతుకము గాదనుటకు నొక నిదర్శనము గలదు. స్కాట్లండునందలి స్కాట్సు భాషకును నొక వికీపీడియా కలదు. ఆ భాష నెఱుఁగని యమెరికా బాలుఁడొకఁడు అందు వేలకొలఁది పుటలు వ్రాసెననియు, నవి ఆంగ్లపదములకు స్కాట్సు వేషము దొడిగినవే కాని స్కాట్సు కాదనియు 2020లో వెల్లడియైనది. అతఁడు చెఱుపఁదలఁచి వ్రాసినవాఁడు కాఁడు; సేవ చేయుచున్నాననియే తలఁచెను. చదువువారును, దిద్దువారును దక్కువ యగుటచే నేండ్ల తరఁబడి యా దోషము నిలిచిపోయెను. తల్లిభాషగా మాటాడువారు గల భాషకే యిట్టి గతి పట్టినపుడు, మాటాడు జాతియే లేని లాటిను మాట కైముతికన్యాయమునఁ జెప్పనేల? తెలుఁగు వికీపీడియా 2003లో నారంభమైనది. అందొకఁడు విభక్తి తప్పు వ్రాసినచో నది చదివిన తెలుఁగువాని చెవికిఁ దగులును. లాటినునందు నట్లు తగులవలసిన చెవి పుట్టుకతో వచ్చునది గాదు. పండ్రెండేండ్లు చదివినవానికిఁగాని యలవడదు.

వికిపైదియా నిర్వాహకు లీ యపాయము నెఱుఁగనివారు కారు. వారు పుటలందలి భాషయొక్క మంచిచెడ్డలను శ్రేణులుగ విభజించి, యాయా పుటల పైభాగమున ముద్ర వేయుచున్నారు. 'నోలీ ఫింగెరే', అనఁగా 'కల్పింపకుము', అను నియమమును జేసిరి. గ్రంథస్థము కాని పదమును దోఁచినట్లు సృష్టింపరాదని దాని తాత్పర్యము. కంప్యూటరునకు 'కొంపుతాత్రుమ్' అనువారును, 'ఇన్‌స్త్రూమెంతుమ్ కొంపుతాతోరియుమ్' అనువారును గలరు. సిసెరో రెంటినిని వాడలేదు. అయినను దనకుఁ దోఁచిన మూఁడవపదమును వికీయందుఁ జొప్పింపక, వెలుపల నెవరైన వాడియున్న పదమునే గ్రహింపవలెను. శాస్త్రపరిభాష విషయమునఁ దెలుఁగునాఁట నెన్నియో వాదములు చూచిన పండితుల కీ నియమముయొక్క విలువ తెలియును.

కాని యీ నియమము పదములకు గాపలా కాయునే కాని వాక్యమునకుఁ గాయఁజాలదు. ప్రతిపదమును నిఘంటువునఁ గనఁబడుచుండఁగనే వాక్యము లాటిను గాకపోవచ్చును. ఆంగ్లేయ విద్యార్థి 'నిర్ణయము చేయుట' యను తన భాషాసంప్రదాయము ననుసరించి 'దేకీసియోనెమ్ ఫాకెరే' యని వ్రాయుననుకొన్నచో, రెండును లాటిను పదములే. 'దేకీసియో' సిసెరో గ్రంథములందును గలదు. అయితే యచట దాని యర్థము వివాదపరిష్కారము, ఒడఁబాటు. మనస్సున నొకటి నిశ్చయించుకొనుటకు రోమకులు 'కోన్సిలియుమ్ కాపెరే', ఆలోచనను బట్టుట, యని చెప్పుదురు. నిఘంటువు విప్పి పదమును మాత్రము చూచినవానికి నీ దోషము దొరకదు. ఇది యాంధ్రమున నాంగ్లవాక్యముల నుల్లంఘింపక తెలిఁగించువారి వ్రాఁతలందుఁ గనఁబడు జాడ్యమే. ముద్ర వేయువారు పుట కొక శ్రేణి నిర్ణయింతురే కాని వాక్యవాక్యమునకు దోషపరీక్ష చేయ రెవ్వరి తరము? లక్షపుటలకు నంతటి శ్రమకు దగిన విద్వాంసులు లేరు. కావున వికిపైదియాను లాటిను శైలికి నాదర్శముగా బాలుర చేతి కిచ్చుట యుచితము గాదు. ఉన్నత తరగతివారికి దోషము లరయుటకును సవరించుటకును అది మంచి క్షేత్రము.

మఱి యీ లోపమునకు మందు లేదా? పొరుగున నున్న గ్రీకు విద్యయందు రెండు మంచి మార్గములు గలవు. పదవ శతాబ్దమునఁ గాన్‌స్తాంతినోపిలు సంప్రదాయమునఁ బుట్టిన 'సూదా' యను మహాకోశమునందు సుమారు ముప్పదివేల పదములు గలవు. దీని నాంగ్లీకరించుటకై 1998లో నంతర్జాలమున నొక సమష్టికార్య మారంభమైనది. 2014లోఁ బదములన్నింటికి ననువాదము పూర్తియైనది. అనువదించువారు పెక్కురు, కాని ప్రతి యనువాదమును సంపాదకులు పరీక్షింతురు. పరీక్ష యెంతవఱకు జరిగినదో పదము ప్రక్కనే తెలుపఁబడును. పరీక్షింపఁబడనిదానిని బరీక్షింపఁబడినదానివలెఁ జూప రనుటయే యిందలి నీతి. రెండవది, అమెరికాలోని టఫ్ట్సు విశ్వవిద్యాలయమున గ్రెగొరీ క్రేన్ నాయకత్వమునఁ బెరిఁగిన 'పెర్సియస్' గ్రంథాలయమువారి యన్వయవృక్షములు. అందు గ్రీకు వాక్యములలో నే పదము దేని నాశ్రయించినదో యిరువురు వేఱువేఱుగ గుర్తింతురు. భేదము వచ్చినచో మూఁడవవాఁడు సమన్వయించును. ఆయా వాక్యములకుఁ బాటుపడినవారి పేళ్లు నిలుచును. దండాన్వయ ఖండాన్వయములతోఁ బాఠము చెప్పు నుపాధ్యాయునకు నీ పద్ధతి చూడఁగనే పరిచితముగఁ దోఁచును.

ఈ దృష్టాంతములనుబట్టి లాటిను తరగతియందు వికీ నెట్లు వాడవలెనో నిర్ణయింపవచ్చును. మొదట, వ్యాఖ్యేయభాగము చిన్నదిగా నుండవలెను. నలుగురు విద్యార్థులకు సీజరు గ్రంథమునఁ బదిపంక్తులు చాలును. రెండవది, ప్రతి టిప్పణమునకు నాకరము చూపవలెను. వ్యాకరణమైనచో సూత్రము, అర్థమైనచో నిఘంటువు, వాగ్వ్యవహారమైనచోఁ బ్రాచీనగ్రంథమునుండి సమానప్రయోగము. 'తోఁచినది' యనుట యాకరము గాదు. మూఁడవది, గురువు పాఠమును దాను ముందుగా దిద్దరాదు. చర్చాపుటలోఁ బ్రశ్న మాత్ర మడుగవలెను. సూత్రముచేఁ దీఱు సంశయములను విద్యార్థులకే విడిచి, ప్రయోగముచేఁ దీఱువానియందు మాత్రము తుదకుఁ దాను బలుకవలెను. నాలవది, పరీక్షింపఁబడిన టిప్పణములకు ముద్ర వేయవలెను. తక్కినవానిని లోకమునకు విడువరాదు. ఏఁడాది ముగిసి తరగతి చెదరిపోయినంతఁ బుటలకుఁ గాపలాదారు లుండరు. అందు మిగిలిన తప్పు మఱుసటి యేఁడు వచ్చిన బాలునకు వ్యాఖ్యగా గోచరించును. వాఁడు దాని నెత్తి వ్రాయును. రెండు చోట్ల నుండుటచే మూఁడవవాఁడు దానిని సంప్రదాయ మనుకొనును. శిష్యదోషము గురువాక్య మగుట కింతకంటె సుకరమైన మార్గము లేదు.

ఐదవది యన్నిటికంటె ముఖ్యము. గురువు విద్యార్థి యోగ్యతను నిర్ణయించునపుడు తుదిపాఠమును గాక చరిత్రపుటను జదువవలెను. తుదిపాఠము నలుగురిదియు, నందు నొక్కఁడే పాటుపడి మువ్వురు పేళ్లు చేర్చుకొనియుండవచ్చును. అంతేకాక యిటీవల లాటిను వాక్యములకు నన్వయమును, ననువాదమును జెప్పు యంత్రములును వెలసినవి. అందుచేఁ జక్కని పాఠము చక్కని విద్యకు సాక్ష్యము కాకుండఁ బోయినది. చరిత్రపుటలోనైనచో 'కప్తా' యను పదమును మూఁడుమాఱులు మూఁడువిధముల వ్రాసి, ప్రతి మార్పునకును హేతువు చెప్పి, తుదకు నిలకడకు వచ్చిన బాలుని బుద్ధివ్యాపారము కన్నులఁ గట్టును. యంత్రమునుండి తెచ్చి యతికించిన పాఠము సాధారణముగ నొక్కసారిగ నొక్కముద్దగా వచ్చి పడును. సందేహ మున్నచోఁ బిలిచి నోటితో నడుగుట గురువునకెన్నఁడును గలిగిన హక్కే.

ఈ పద్ధతికి నొక ప్రత్యవాయము లేకపోలేదు. చరిత్రపుట మఱవదు. పదునాఱేండ్ల ప్రాయమునఁ జేసిన విభక్తిదోషము పేరుతోఁ గూడ నిలిచియుండుట బాలునకు బెదురు పుట్టించును. బెదరినవాఁడు తెలిసినదే వ్రాయును, తెలియనిది విచారింపఁడు. పలకమీఁది వ్రాఁతకుఁ దుడిచివేయఁబడుట యొక సుగుణము. కాఁబట్టి విద్యార్థుల వికీ తరగతి గోడలలోపలనే యుండి, పరీక్షితమైన భాగము మాత్రమే బయటికి వచ్చుట మేలు. తప్పు చేయుటకు దాఁపును, తప్పు దిద్దుటకు వెలుఁగును రెండును విద్యకుఁ గావలెను.

మెదకుసీమలోని కొలచెలమున కీర్తి దెచ్చిన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించుచు, మూలాధారము లేనిదానిని వ్రాయననియు, ననపేక్షితమును జెప్పననియుఁ బ్రతిజ్ఞ చేసినట్లు పండితు లెఱుఁగుదురు. ఆ ప్రతిజ్ఞలోని మొదటిభాగమును వికీయొక్క యాకరనియమము విద్యార్థికి నేర్పఁగలదు. రెండవభాగము, ఏది యపేక్షితమో యేది కాదో యెఱుఁగు వివేకము, సాధన మీయఁగలది గాదు. అది గ్రంథపరిచయమువలనను గురుసన్నిధివలనను గలుగవలసినదే. విద్యార్థి వ్రాసిన వ్యాఖ్య మఱియొక విద్యార్థికిఁ బ్రమాణము గాదు. దానిని వ్రాసినవానికి మాత్రము, ప్రమాణమనఁగా నేమో తెలిసికొనుటకు నంతకంటె మంచి యభ్యాసము దొరకుట యరిది.